సర్పంచి ప్యాకేజీకి అడ్వాన్సు ఇచ్చే ముందు ఒకసారి ఇది చదవండి

పంచాయతీలకి ఐదేళ్లు నిండి మళ్లీ ఎలక్షన్ మాటలు మొదలైన కాడి నుంచి నాకు ఫోన్లే ఫోన్లు. చుట్టాల్లో ఇద్దరు, కాలేజీలో కలిసి చదివినవాళ్లు ముగ్గురు, అందరిదీ ఒకటే ప్రశ్న. "పోయినసారి సర్పంచి పోటీకి మీ వదినకి ఫ్లెక్సీలు, కరపత్రాలు, మైకు ఆటో అన్నీ నువ్వే గదా దగ్గరుండి చేయించింది, ఆ నెల్లూరు షాపు ఎట్టాంటిది, మమ్మల్ని కూడా అక్కడికే పొమ్మంటావా?" ఒక్కొక్కరికీ అరగంట చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నా. షాపు పేరు మాత్రం రాయను. ఓనరు చేసిన మంచీ ఉంది, ఆయన దగ్గర పనిచేసేవాళ్లు పెట్టిన తలనొప్పీ ఉంది, పేరు పెట్టి ఆ రెండోది రాస్తే రేపు ఎక్కడో పెళ్లిలో పక్క కుర్చీలో కూర్చుంటాడు. అయినా ప్రచార సామానంతా కలిపి ప్యాకేజీగా ఇచ్చే షాపులు నెల్లూరులో చాలానే ఉన్నాయి, అందరి ప్యాకేజీ ఇంచుమించు ఒకటే, కాబట్టి మీరు ఎక్కడికి పోయినా ఇది పనికొస్తుంది.

డబ్బులు, మందు, చీరలు వగైరా సంగతి నన్ను అడగొద్దు. అది రివ్యూ రాసే వస్తువు కాదు.

ముందు మా పరిస్థితి చెప్తా. మాది కావలి డివిజన్. పందొమ్మిది వందల చిల్లర ఓట్లు, పది వార్డులు, ఊరు కాక రెండు కాలనీలు, రొయ్యల గుంటల పక్కన ఒక పాళెం. 2021లో మా ఊరు జనరల్ మహిళకి పడింది. తానే నిలబడదామని మా అన్న మూడేళ్లుగా పిలిచిన పెళ్లికీ పిలవని పెళ్లికీ తిరిగి ఉన్నాడు, రిజర్వేషన్ లిస్టు చూసి రెండు రోజులు అన్నం సరిగా తినలేదు, మూడో రోజు వదినని అడిగాడు. వదిన డిగ్రీ చదివింది, డ్వాక్రా గ్రూపు లెక్కలు పదేళ్లుగా ఆమే రాస్తుంది, నిజం చెప్పాలంటే ఊళ్లో ఆడవాళ్లకి అన్నకంటే ఆమే బాగా తెలుసు. నేను నెల్లూరులో ఉద్యోగం చేస్తాను కాబట్టి "ప్రింటింగ్ పన్లన్నీ నువ్వు చూడరా" అని నా మీద వేశారు.

ఆ జనవరి ఎట్టా గడిచిందో గుర్తుండే ఉంటుంది. 11న హైకోర్టులో సింగిల్ జడ్జి షెడ్యూల్ ఆపేశారు, 21న డివిజన్ బెంచి జరుపుకోమంది, 25న సుప్రీంకోర్టు కూడా ఆపేది లేదని తేల్చింది. అప్పటిదాకా ఎవరూ ఏ షాపులోనూ ఆర్డరు పెట్టలేదు. ఎలక్షనే లేకపోతే ఫ్లెక్సీ ఏం చేసుకుంటాం? 29 నుంచి 31 దాకా నామినేషన్లు. మా డివిజన్ తొలి విడత, పోలింగ్ ఫిబ్రవరి 9. నామినేషన్ వెనక్కి తీసుకునే గడువు 4వ తేదీ మధ్యాహ్నం 3 గంటలు, ఆ తర్వాతే గుర్తులు. 7 సాయంత్రానికి మైకులు బంద్. అంటే గుర్తు చేతికొచ్చాక మనకి మిగిలేది నిండా మూడు రోజులు. ఈ షాపుల వ్యాపారం మొత్తం ఆ మూడు రోజుల టెన్షన్ మీదే నడుస్తుంది, అది అర్థమైతే సగం డబ్బులు మిగుల్తాయి.

ఇంకో సంగతి, టౌన్లో ఉండేవాళ్లకి ఇది తెలీదు. పంచాయతీ ఎలక్షన్ పార్టీ గుర్తుల మీద జరగదు. బ్యాలెట్ కాగితం మీద అభ్యర్థి పేరు కూడా ఉండదు. ఉత్త గుర్తులే, చివర్లో నోటా. పోటీలో మిగిలిన వాళ్ల పేర్లు తెలుగు అక్షర క్రమంలో పేర్చి, ఎన్నికల సంఘం ఇచ్చిన జాబితాలో ఉన్న వరసలోనే గుర్తులు ఇచ్చుకుంటూ పోతారు. ఐదేళ్లు ఊళ్లో ఎంత మంచి పేరు తెచ్చుకున్నా ఆ చిన్న గదిలోకి పోయాక ఓటరు కళ్ల ముందు మీ పేరు ఉండదు, మీ మొహం ఉండదు, ఒక ఉంగరమో కత్తెరో ఉంటుంది. నాలుగో తేదీ సాయంత్రం ఇచ్చిన ఆ బొమ్మని తొమ్మిదో తేదీ పొద్దున్నే ఆరున్నరకల్లా పందొమ్మిది వందల మంది బుర్రల్లోకి ఎక్కించాలి. ప్రచారం అంటే ఇంతే. మిగతాదంతా హడావిడి.

కావలిలో డీటీపీ షాపులన్నీ అప్పటికే నిండిపోయాయి, చుట్టుపక్కల మండలాలన్నీ ఆ ఊరి మీదే పడ్డాయి. అందుకని జనవరి 30 సాయంత్రం ఆఫీసు అయ్యాక నెల్లూరులోనే ఈ షాపుకి పోయాను. లోపల నిలబడటానికి చోటు లేదు. కింద ఫ్లెక్సీ మిషను, ఆ ఇంకు వాసనకి కళ్లు మంట, మెట్ల మీద టోపీల మూటలు, పైన నలుగురు పిల్లలు కంప్యూటర్ల ముందు. ఓనరు యాభై దాటిన మనిషి, కళ్లజోడు నుదుటి మీదికి ఎత్తుకుని, చెవికి ఒక ఫోను, చేతిలో ఒక ఫోను. నన్ను చూసి బడ్జెట్ ఎంత అని అడగలేదు. "ఓట్లెన్ని? ఎంతమంది వేశారు నామినేషను? పేర్లు చెప్పబ్బాయ్" అన్నాడు. చెప్పాను. పాత కరపత్రం వెనక పెన్సిలుతో ఆ ఐదు పేర్లూ అక్షరాల వరసలో రాసుకున్నాడు. మా వదిన పేరు అచ్చుతో మొదలవుతుంది. "ఎవరు ఉన్నా ఎవరు పోయినా మీది మొదటిదే. ఉంగరం వచ్చేట్టుంది. డిజైను ఇప్పుడే చేయించి పెడతా, నాలుగో తేదీ నువ్వు ఫోన్ చెయ్యగానే మిషనెక్కిస్తా" అన్నాడు. అప్పుడే అనుకున్నా, ఇతను పని తెలిసినవాడు అని. వెనక నిలబడ్డ ఇంకో ఊరి వాళ్లకి కూడా అదే లెక్క చెప్తున్నాడు, వాళ్ల పేరు మధ్యలో ఉంది కాబట్టి "మీరు మాత్రం ఆగాల్సిందే, ఎవరు విత్‌డ్రా అవుతారో చూడాలి" అని తిప్పి పంపాడు. అడ్వాన్సు తీసుకోకుండా పంపాడు, అది కూడా చూశాను.

ప్యాకేజీ రేటు 48 వేలు చెప్పాడు, 44కి దిగాడు. అందులో పెద్ద ఫ్లెక్సీలు నాలుగు, చిన్నవి ఇరవై, కరపత్రాలు నాలుగు వేలు, స్టిక్కర్లు వెయ్యి, బ్యాడ్జీలు, టోపీలు రెండు వందలు, కరోనా రోజులు కాబట్టి గుర్తు వేసిన మాస్కులు మూడు వందలు, నమూనా బ్యాలెట్లు రెండు వేలు, మైకు ఆటో మూడు రోజులు, దానికి రికార్డింగ్, చివర్లో ఫోన్లకి వాయిస్ కాల్స్ రెండు రౌండ్లు. వినడానికి నిండుగా ఉంటుంది. ఏది పనిచేసిందో ఏది చెత్తకుప్పకి పోయిందో చెప్తా.

మాస్కులతో మొదలుపెడదాం, ఒక్క ముక్కలో అయిపోతుంది. ఎవరూ పెట్టుకోలేదు.

టోపీలు పిల్లకాయలు ఎగబడి తీసుకున్నారు, రెండు వందలూ గంటలో అయిపోయాయి, మేం సంబరపడ్డాం. సాయంత్రం చూస్తే ఎదుటివాళ్ల ర్యాలీలో ముందు నడిచే పిల్లకాయల నెత్తిన మా ఉంగరం టోపీలే. వాళ్లకేం తెలుసు పాపం, ఎండగా ఉంది, పెట్టుకున్నారు.

స్టిక్కర్ల దగ్గర మాత్రం జాగ్రత్త. జిగురు చాలా గట్టిగా ఉంది, అది మామూలుగా అయితే మెచ్చుకోవాలి. కానీ ఎలక్షన్ ఫిబ్రవరిలో వచ్చింది, మూడు వారాల ముందేగా సంక్రాంతి. పండక్కి ఇళ్లకి సున్నాలు వేయించుకుని, తలుపులకి కొత్త పెయింటు కొట్టించుకుని ఉన్నారు. మావాళ్లు ఉత్సాహంగా పోయి అడక్కుండా తలుపుకొకటి అంటించారు. ఒకామె గోటితో గీకితే స్టిక్కరుతో పాటు నీలం పెయింటు కూడా ఊడొచ్చింది. ఆమె మా వైపు మనిషే, ఖాయంగా పడే ఓటు, సరాసరి వదిన దగ్గరికొచ్చి "నీ ఉంగరం నా తలుపుకి ఎందుకమ్మా, నా వేలికి పెట్టు" అంది. ఆ తలుపుకి మళ్లీ పెయింటు మేమే వేయించాం. ఆ ఖర్చు ప్యాకేజీలో లేదు.

ఫ్లెక్సీ డిజైను సంగతి చెప్పి తీరాలి, ఎందుకంటే ఆడవాళ్ల సీటు అయితే అన్ని షాపుల్లోనూ ఇదే జరుగుతుందట. ఒకటో తేదీ రాత్రి ప్రూఫు వాట్సాప్‌లో వచ్చింది. మా అన్న ఫొటో నిలువెత్తున, చెయ్యెత్తి దణ్ణం పెడుతూ, మీసం మెలేసి. పక్కన మూలకి పాస్‌పోర్టు సైజులో వదిన. కింద గుర్తు ఇంకా చిన్నది. నేను చూసి బాగుందనే అనుకున్నా, సిగ్గు లేకుండా ఒప్పుకుంటున్నా. అన్న కూడా బాగుందన్నాడు. వదిన ఫోను తీసుకుని కాసేపు చూసి, "నిలబడింది నేనా మీ అన్న మీసమా?" అంది. ఆ మాటతో డిజైను తిరగేశాం, వదిన ఫొటో ఒకటే, దాని పక్కన అంతే ఎత్తున గుర్తుకి చోటు, అన్న పేరు కింద చిన్న అక్షరాల్లో. షాపులో కంప్యూటరు మీద కూర్చున్న అబ్బాయి "మేడమ్ గారి సీట్లన్నిటికీ ఇదే టెంప్లేటు సార్, ఎవరూ మార్చమనలేదు" అన్నాడు. మార్చినందుకు డబ్బులడగలేదు, అది మెచ్చుకోవాలి. పార్టీ నాయకుల ఫొటోలు, జెండా రంగులు వద్దని కూడా ఓనరే ముందు చెప్పాడు, పార్టీలు లేని ఎలక్షన్ గదా, ఎవరైనా కంప్లైంటు పెడితే తిరగలేవు అని. ఎవరు ఏ పార్టీనో ఊళ్లో కోడిపిల్లకి కూడా తెలుసు, అది వేరే సంగతి.

ఇప్పుడు మైకు ఆటో. డబ్బుల్లో పెద్ద ముక్క ఇదే, మండిందీ ఇక్కడే.

5వ తేదీ పొద్దున ఆరుకి ఆటో దిగింది. మా ఊళ్లో ఎనిమిది దాటితే ఇంట్లో మనిషి ఉండరు, వరి చేలల్లో కలుపు, గుంటల మీద పని, కాబట్టి ఆ రెండు గంటలు బంగారం. నేను ఆఫీసుకి సెలవు పెట్టి రచ్చబండ దగ్గర నిలబడి ఉన్నా. మంచి కంచు గొంతు, వెనక డప్పు, అదిరిపోయింది. "ఓటరు మహాశయులారా, అక్కలారా, అన్నలారా" అంటూ వదిన పేరు, ఉంగరం గుర్తు, అన్నీ కరెక్టుగా వచ్చాయి. రెండో నిమిషంలో "మన" అని దీర్ఘం తీసి ఇంకో మండలంలో ఉన్న ఊరి పేరు చెప్పి, "గ్రామ అభివృద్ధి కోసం" అంది ఆ గొంతు. నాకు ముందు వినపడలేదనుకున్నా. రెండోసారి తిరిగొచ్చినప్పుడు టీ కొట్టు దగ్గర ఎదుటి వర్గం కుర్రోళ్లు చప్పట్లు కొట్టారు. "మీ వదిన ఆ ఊళ్లో కూడా నిలబడిందా మామా, రెండు చోట్ల గెలిస్తే ఏది ఉంచుకుంటుంది?" అని.

షాపుకి ఫోన్ చేస్తే పది రింగులకి ఎత్తి "అరగంటలో పంపిస్తాం సార్" అన్నారు. పదకొండున్నరకి వాట్సాప్‌లో ఆడియో వచ్చింది. ఆటోలో ఉన్న మైకుసెట్టుకి పెన్‌డ్రైవ్ తప్ప ఇంకోటి ఎక్కదు. ఊళ్లో లాప్‌టాప్ ఉన్న ఇల్లు వెతుక్కుని, ఫోను దానికి తగిలించి, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించేసరికి మధ్యాహ్నం, అప్పటికి వీధుల్లో కుక్కలు తప్ప ఎవరూ లేరు. మూడు రోజుల్లో ఒక పూట పోయిందంటే ఆరో వంతు పోయినట్టు. డబ్బులు తగ్గించమంటే ఓనరు నసిగి రెండు వేలు తగ్గించాడు. తప్పు చేసిన అబ్బాయిని నేనేమీ అనలేదు, ఆ రాత్రి వాడు ఎన్ని ఊళ్ల పేర్లు మార్చి ఉంటాడో దేవుడికెరుక. కానీ మీరు మాత్రం రికార్డింగు మొత్తం చివరిదాకా వినకుండా ఓకే అనొద్దు. మొదటి ముప్పై సెకన్లు విని ఓకే అన్నది నేనే.

వాయిస్ కాల్స్ అయితే శుద్ధ దండగ. వదిన గొంతుతో ఇరవై సెకన్ల మాట రికార్డు చేసి అందరి ఫోన్లకి పంపుతామన్నారు. నంబర్లు ఎక్కడివని అడిగితే "మా దగ్గర డేటా ఉంటుంది సార్". ఆ డేటా ఎక్కడిదో గానీ మర్నాడు కడప నుంచి ఒకాయన తిరిగి ఫోన్ చేశాడు, "ఎవరమ్మా మీరు, మాకు ఓటు అక్కడ లేదు, అయినా గెలవాలని కోరుకుంటున్నా" అని. మంచి మనిషి. మా ఊరి వాళ్లలో కాల్ వచ్చిందన్నవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. చెన్నైలో, బెంగళూరులో ఉన్న మా ఓటర్లకి వదినే కూర్చుని రెండు రాత్రులు ఒక్కొక్కరికీ ఫోన్ చేసింది, పిల్లలు ఏం చదువుతున్నారో అడిగింది. అది ఏ ప్యాకేజీలోనూ రాదు.

ఇక నమూనా బ్యాలెట్. ప్యాకేజీలో అన్నిటికంటే చౌకది ఇదే. వేరే షాపుల్లో ఇది అడిగితేనే వేస్తారట, ఈయన అడక్కుండా పెట్టాడు. ఓనరు కూర్చోబెట్టి మరీ చెప్పాడు. సర్పంచి బ్యాలెట్ గులాబీ రంగు, వార్డు మెంబరుది తెలుపు, మనం వేసే నమూనా ఆ రంగుల్లో ఉండకూడదు, ఆ సైజులో ఉండకూడదు, ఎదుటివాళ్ల గుర్తులు వేయకూడదు. అందుకని పసుపు కాగితం. గడులు గీసి, పై గడిలో మన గుర్తు, దాని మీద స్వస్తిక్ ముద్ర పడినట్టు, మిగతా గడులు ఖాళీ. కింద చుక్కల గీత, మడతెట్టడానికి. ముందు నిలువుగా మడవాలి, అప్పుడు ముద్ర ఇంకు ఆరకపోయినా అవతలి సగంలో అదే గడిలో అంటుతుంది, అడ్డంగా మడిస్తే పక్క గుర్తు మీద పడుతుంది. కరపత్రం మీద హామీలు ఎవరూ చదవరు, ఇది మాత్రం ప్రతి ఇంట్లో ముసలోళ్ల చేత ఒకసారి మడత పెట్టించు అన్నాడు. ప్రింటు చేసిన వాళ్ల పేరు, ఎన్ని కాపీలో అడుగున అన్నిటి మీదా వేశాడు. చాలామంది వెయ్యరు, తర్వాత ఇబ్బంది పడతారు.

ఇంత తెలిసినవాడి షాపులోనే అసలు పొరపాటు జరిగింది. 4వ తేదీ గుర్తు ఉంగరమేనని తేలగానే ఫోన్ చేశాను, ఐదు మంది నామినేషన్లలో ఇద్దరు వెనక్కి తీసుకున్నారు, ముగ్గురు మిగిలారు, రెండో ఆమెకి కత్తెర. రాత్రి పదకొండు నలభైకి ప్రూఫు పంపారు. నేను ఇంట్లో మంచం మీద పడుకుని ఫోన్లో చూసి ఓకే కొట్టాను. రాత్రి రెండింటికి సరుకు వ్యానెక్కించి హైవే మీద పడ్డాం, తెల్లారేసరికి ఊళ్లో ఉన్నాం. బండిల్ విప్పి చూస్తే ధగధగా మెరుస్తోంది. ఇంటర్నెట్‌లో ఎక్కడో దొరికిన ఉంగరం బొమ్మ, బంగారం రంగు, పైన ఎర్ర రాయి, మెరుపులు. మేమంతా మురిసిపోయాం కూడా.

5 సాయంత్రం ఎస్టీ కాలనీకి పోయాం. ఒక అవ్వ ఉంది, డెబ్భై దాటి ఉంటాయి, వదిన అంటే ప్రాణం, పింఛను కాగితాలు వదినే రాసిపెట్టింది ఒకసారి. పసుపు కాగితం చేతిలో పెట్టి, మడత పెట్టించి, "ఎక్కడ గుద్దాలవ్వా?" అంటే టక్కున ఎర్ర రాయి మీద వేలు పెట్టింది. అందరం నవ్వుకున్నాం. వదినకి ఎందుకో అనుమానం వచ్చింది. అధికారులు ఇచ్చిన పోటీ అభ్యర్థుల జాబితా నా దగ్గరే ఉంది, నలుపు తెలుపు జిరాక్సు, గుర్తులు గీతల బొమ్మలు. అది విప్పి "ఇందులో మన ఉంగరం చూపించవ్వా" అంది. అవ్వ కాగితం దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని, కత్తెర మీద వేలు పెట్టింది. "ఇయ్యే గదమ్మా. రెండుండాయి."

నిజమే. కత్తెరకి వేళ్లు పెట్టుకునే చోట రెండు గుండ్రాలు ఉంటాయి. అసలు ఉంగరం బొమ్మ చూస్తే పక్కకి తిరిగి ఉన్న సన్నటి గీత, రాయీ మెరుపూ ఏమీ లేవు. రాయి కోసం వెతికిన కంటికి అది ఉంగరంలా కనపడకపోతే ఆమె తప్పేముంది? అవ్వ వెనకున్న ఇంకో ఇద్దరు కూడా కత్తెరకే మొగ్గారు.

రాత్రి ఎనిమిదికి ఫోన్ చేసి అరిచాను. ఓనరు అంతా విని, "డిజైను నువ్వు ఓకే అన్నావబ్బాయ్" అన్నాడు. అన్నాను, నిజమే. కానీ గుర్తుల చార్టు వాళ్ల గోడకే అంటించి ఉంది, పాతికేళ్లుగా ఇదే పని చేస్తున్నానన్న మనిషి షాపులో ఇంటర్నెట్ ఉంగరం ఎందుకు దిగాలి? ఈ మాట అంటే కాసేపు మాట్లాడలేదు. తర్వాత కాగితం ఖర్చు మీది, పని ఖర్చు నాది అని ఒప్పందం. రాత్రికి రాత్రి చార్టులో ఉన్న బొమ్మనే నల్ల గీతతో, బొటనవేలంత సైజులో వేసి పొద్దున బస్సుకి వేశాడు. ఆ ఫోన్లోనే ఒక మాట చెప్పాడు, ఆ ఒక్క మాటకి 44 వేలూ ఇవ్వొచ్చు. "కత్తెర మాట ఎత్తనే ఎత్తొద్దు. కత్తెర కాదు కత్తెర కాదు అంటే కత్తెరే గుర్తుంటుంది. ఉంగరం అని కూడా అనొద్దు ముసలోళ్ల దగ్గర. పైనుంచి మొదటి బొమ్మ అని చెప్పండి, అంతే."

6, 7 తేదీలు మేం కరపత్రాలు కట్టలు కట్టలుగా పక్కన పడేసి ఇదొక్కటే చేశాం. వదిన, ఇంకో ఆరుగురు ఆడవాళ్లు, గడప గడపకీ నల్ల ఉంగరం పసుపు కాగితం. పైది, మొదటిది. అవ్వ దగ్గరికి రెండుసార్లు పోయాం. రెండోసారి ఆమె విసుక్కుంది, "పైది, పైది, నాకు మతుండాదిలే పో" అని.

పోలింగ్ మధ్యాహ్నం మూడున్నరకి అయిపోయింది, నాలుగు తర్వాత కౌంటింగు. నేను ఏజెంటుగా లోపల కూర్చున్నా. పెట్టెలు బోర్లించి గులాబీవి ఒక పక్క, తెల్లవి ఒక పక్క వేరు చేశారు. చెల్లనివి తీస్తుంటే చూశాను, ముద్ర బదులు వేలిముద్ర వేసినవి ఉన్నాయి, ఉంగరానికీ కత్తెరకీ మధ్య గీత మీద సరిగ్గా సగం సగం పడినవి ఉన్నాయి. ఒక కాగితం మాత్రం నా కళ్లలో ఇప్పటికీ ఉంది. కత్తెర గడిలో రెండు ముద్రలు, ఒక్కో గుండ్రంలో ఒక్కోటి, ఎంతో ఓపిగ్గా వేసినట్టు. ఒకే గడిలో రెండున్నా ఓటు చెల్లుతుంది అన్నారు, కత్తెర కట్టలో పెట్టారు.

పదకొండు ఓట్ల తేడాతో పోయింది.

షాపు వల్ల ఓడిపోయామని అనను. పదకొండు ఓట్లకి పదకొండు కారణాలు మా ఇంట్లోనే దొరుకుతాయి, అన్న నోటి దురుసు ఒక్కటే నాలుగు ఓట్లు చేస్తుంది. అయితే మొదటి రోజు బంగారు ఉంగరం పంచకుండా ఉంటే ఎట్టా ఉండేదో అని ఇప్పటికీ అప్పుడప్పుడు అనిపిస్తుంది.

బిల్లుల విషయంలో మాత్రం షాపుకి పూర్తి మార్కులు. మా ఊరు పదివేల జనాభా లోపు కాబట్టి సర్పంచికి ఖర్చు పరిమితి లక్షన్నర. గెలిచినా ఓడినా 45 రోజుల్లో లెక్కలు అప్పజెప్పాలి, లేకపోతే తర్వాత పోటీకి అనర్హత పడుతుంది. ఓడినవాళ్లు చాలామంది ఇది పట్టించుకోరు. ఈయన ఐటమ్ వారీగా, తేదీల వారీగా, జీఎస్టీతో సహా బిల్లు ఇచ్చాడు, రెండోసారి వేసిన బ్యాలెట్లకి విడిగా. వదిన ఆ కాగితాలు తన డ్వాక్రా పుస్తకం మాదిరే వరసగా కుట్టి మండలాఫీసులో ఇచ్చి రసీదు తెచ్చుకుంది. మిగిలిన బాకీ ఆరు వేలు కట్టడానికి పోతే ఓనరు ఆశ్చర్యపోయాడు. "ఓడినోళ్లే నయమబ్బాయ్, ఇంటికొచ్చి ఇస్తారు. గెలిచినోళ్ల వెంట నేను తిరగాల" అని నవ్వాడు. ఆయన గోడకి అంటించిన బాకీల చీటీ చూశాను, అది ఉత్త జోకు కాదు.

కాబట్టి అడిగినవాళ్లందరికీ నా మాట. పోండి, ఆ షాపుకే పోండి, పేరు ఫోన్లో చెప్తా. ప్యాకేజీ మాత్రం తీసుకోవద్దు. మాస్కులు, టోపీలు, వాయిస్ కాల్స్ తీసేయించండి, స్టిక్కర్లు రెండు వందలు చాలు, కరపత్రాలు వెయ్యి చాలు. మైకు ఆటో ఉండాలి, లేకపోతే ఊళ్లో మీరు పోటీలోనే లేరనుకుంటారు. నమూనా బ్యాలెట్లు ఇంటికి రెండు లెక్కన వేయించండి, బొమ్మ అధికారుల చార్టులోదే ఉందా లేదా ఫోన్లో కాదు, షాపుకి పోయి కాగితం మీద చూసుకోండి. అందం వద్దు. ఐదుకి నేనిచ్చేది మూడున్నర.

ఫ్లెక్సీ బట్టకి మాత్రం విడిగా ఐదుకి ఐదు. పెద్దవాటిలో రెండింటిని మా నాన్న గడ్డివామి మీద కప్పాడు. ఆ 2021 నవంబరులోనే పెన్నా పొంగి, పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయి, నెల్లూరు నుంచి మా ఊరికి దారే లేకుండా పోయిన వానలు కురిశాయి గదా, అప్పుడు కూడా చుక్క కారలేదు. తర్వాతి ఏడాది ఎండలకి రంగు వెలిసింది. ఉంగరం ముందు పోయింది, ఎర్ర రాయి తర్వాత పోయింది, వదిన దణ్ణం పెట్టే చేతులు మాత్రం చాలా రోజులు కనపడ్డాయి.